ఆరు బోల్టులు

గుర్వయ్య తన పికప్‌ను బండి అనడు, బొల్లి అంటాడు. ఒళ్లు తెలుపు, పొట్ట నలుపు ఉన్న గొర్రెను ఆయన మందలో అట్లాగే పిలుస్తారు, ఇదీ అట్లాంటిదే కదా అని ఆయన లెక్క. కొన్న రోజున దాని పొట్ట నల్లగా ఏమీ లేదు. ఆ నలుపు గుర్వయ్య చేతి పని, ఏటా పూసే డాంబరు. దాని సంగతి ముందుముందు వస్తుంది. ఇప్పుడే చెబితే మీరు ఆయన్ని తిట్టడం మొదలుపెడతారు, ఆ పనికి ఆయన ఊళ్లో చాలినంత మంది ఉన్నారు.

మృగశిర కార్తె వచ్చిన మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి బొల్లి జడ్చర్లలో, హైవే పక్కన సైదులు షెడ్డు ముందు నిలబడింది. దాని వెనక బంపర్‌ను, బంపర్‌కు అతికిన లాగుడు హుక్కును తీసెయ్యాలి. గంట పనే అనుకున్నారు ఇద్దరూ. పన్నెండింటికి మహబూబ్‌నగర్‌లో బండిని ఫిట్‌నెస్‌కు చూపించాలి. కాగితం చేతికి రాగానే ఇంటివైపు తల కూడా తిప్పకుండా కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నందికొండ దగ్గర బ్యాక్‌వాటర్ ఒడ్డుకు పోవాలి. అక్కడ గుర్వయ్య భార్య సోమమ్మ, మేనల్లుడు మల్లికార్జున్ రెండు వందల గొర్రెలతో ఉన్నారు. ఈ పది రోజుల్లో పుట్టిన పిల్లలు నలభై మూడు ఉన్నాయి. ఆ నలభై మూడింటి కోసమే ఈ తొందరంతా.

ఎండాకాలం మేతకు కృష్ణ ఒడ్డుకు పోయిన మంద తొలకరి పడగానే వెనక్కి మళ్లాలి. రైతులు నాగళ్లు కట్టారంటే మందకు తొవ్వ ఉండదు. పెద్ద గొర్రెలు నడుస్తాయి, వారం పిల్లలు నడవలేవు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందు మంద కదిలిపోతుంది. పిల్లల్ని వల దొడ్లో ఆపేస్తారు. సాయంత్రానికి బండి వచ్చి పిల్లల్ని ఎక్కించుకుని, చీకటి పడేలోపు మంద దిగిన చోటికి చేరుస్తుంది. ఒక్క పూట తల్లుల పొదుగులు బరువెక్కుతాయి, పిల్లల కడుపులు మాడతాయి, తర్వాత అన్నీ సర్దుకుంటాయి. బండి లేని కాలంలో పిల్లల్ని గంపల్లో మోసుకుపోయేవాళ్లు. ఇప్పుడు ఆ గంపలు లేవు, మోసే నడుములూ లేవు.

ఇంత ముఖ్యమైన బండి పనిని ఆఖరి రోజు దాకా ఆపుకున్నది గుర్వయ్యే. ఇరవై రోజుల కింద రోడ్డు మీద ఆపిన అధికారి మర్యాదగానే చెప్పాడు. ఈ బంపర్, ఈ హుక్కు బండితో వచ్చినవి కావు, తీసేసి ఫిట్‌నెస్ చేయించుకో, అప్పటిదాకా రోడ్డెక్కించకు, మళ్లీ దొరికితే బండి స్టేషన్‌కు పోతుంది అన్నాడు. గుర్వయ్య తలూపాడు. ఇంటికి వచ్చి, రేపు తీయిద్దాం అన్నాడు. ఆ రేపు ఇరవై రోజులు నడిచింది.

అసలు ఆయనకు మనసు రాలేదు. ఎనిమిదేళ్ల కింద కరువొచ్చిన ఏడాది చెరువులన్నీ పగిలిపోతే, ఊరి కమ్మరి హనుమంతు మందపాటి ఇనుప చానల్ కోసి ఈ బంపర్ చేశాడు. దానికి హుక్కు పెట్టాడు. ఆ హుక్కుకు నీళ్ల ట్యాంకరు తగిలించి గుర్వయ్య వేసవి అంతా మందకు నీళ్లు మోశాడు. పక్క ఊళ్ల మందలు సగానికి సగం సంతకు పోయాయి, ఈయన మందలో ఒక్క గొర్రె తగ్గలేదు. అప్పటినుంచి చుట్టుపక్కల ఆయన్ని నీళ్ల గుర్వయ్య అన్నారు. మనిషికి ఇంటిపేరు కంటే ఇట్లాంటి పేరు మీదే మమకారం ఎక్కువ. ఆ పేరు తెచ్చిన ఇనుమును ఊడబెరకమంటే ఎవరికైనా చెయ్యాడదు.

సైదులు మాట తక్కువ మనిషి. బండి కిందికి దూరి, డీజిల్‌లో ముంచిన గుడ్డతో బోల్టులు తుడిచి, బయటికి వచ్చి వేళ్లు చూపించాడు.

"ఆరు బోల్టులు, కాక. దిక్కుకు మూడు."

"ఎంతసేపు?"

"మొదటిది చెప్తది."

మొదటిది మంచి మాటే చెప్పింది. పానాకు ఇనుప పైపు తొడిగి సైదులు ఒక్క ఊపు ఊపగానే కిర్రుమని తిరిగింది. రెండోదీ అంతే. రెండు బోల్టులు రేకు మూతలో టంగుమని పడ్డాయి. ఆ చప్పుడుకు గుర్వయ్య గుండెలోని బరువు సగం దిగింది. సరిగ్గా అప్పుడే సోమమ్మ ఫోన్ చేసింది.

"ఏమాయెనయ్యా? చేను ఆయన నాగలి తెచ్చుకొని గట్టు మీదనే కూసున్నడు. ఇంక ఆగడట. ఇయ్యాల దున్నుతె మనకు తొవ్వ లేదు. మందను లేపాల్నా, ఆపాల్నా?"

"లేపు."

"బంపర్ అయిందా?"

"అయింది."

"నిజంగ అయిందా? పిల్లల్ని ఇడిపిచ్చి తల్లులను తోలాలె మల్ల. జర చూస్కొని చెప్పు."

గుర్వయ్య రేకు మూతలోని రెండు బోల్టుల వైపు చూశాడు. "అయిందంటున్న గద. కింద పడ్డట్టే. పొద్దు వాలెటాళ్లకు నేను ఆడుంట."

బండి కిందినుంచి సైదులు తల బయటపెట్టాడు. "కాక, ఇంక నాలుగున్నయ్."

"నాలుగే గద," అన్నాడు గుర్వయ్య.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అనలేదు పెద్దలు. అట్లాగని గుర్వయ్య అబద్ధాలకోరు కాదు. అరవై ఏళ్ల బతుకులో గొర్రె వయసు విషయంలో కూడా అబద్ధమాడలేదు, అది గొర్రెల వ్యాపారంలో మామూలు విషయం కాదు. ఆ పూట మాత్రం తను కోరుకున్నది జరిగిపోయినట్టే చెప్పేశాడు. అవతల రెండు వందల గొర్రెలు ఆ మాట మీద లేచి నడిచాయి.

మూడో బోల్టుకు తల తెగిపోయింది. నాలుగోదాని నట్టు పానా పళ్లలో పిండిలా అరిగి గుండ్రంగా తయారైంది. సైదులు డీజిల్ పోశాడు, సుత్తితో కొట్టాడు, పైపు మీద ఇద్దరూ కలిసి ఊగారు. పైపు వంగింది కానీ నట్టు లొంగలేదు. చివరికి గ్రైండర్ తెచ్చి కోయడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వల కింద డాంబరు కరిగి, పొగతో పాటు ఇంకో వాసన లేచింది. ఆ వాసన గుర్వయ్యకు చిన్నప్పటినుంచీ తెలుసు. అది గొర్రెల దొడ్డి వాసన. ఇనుము లోపలినుంచి దొడ్డి వాసన ఎందుకు వస్తుందో ఆయనకు అర్థం కాలేదు, అడగాలనీ తోచలేదు.

పదకొండున్నరకు ఆరో బోల్టు కూడా తెగి కింద పడింది. బంపర్ మాత్రం పడలేదు.

సైదులు కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆరూ తీసేశాక అది ఏ ఆధారం మీద నిలబడిందో ఆయనకే తెలియలేదు. "డాంబర్ పట్టుకున్నట్టున్నది," అని, గడ్డపార తెచ్చి సందులో పెట్టి ఎత్తాడు. అవతలి కొస గుర్వయ్య పట్టుకున్నాడు. ఇనుము ఊడితే ఠంగుమనాలి. ఇది తడిసిన అట్టపెట్టె చిరిగినట్టు మెత్తగా ఊడింది. బంపర్, హుక్కు గుర్వయ్య చేతుల్లోకి వచ్చాయి. వాటితో పాటు జానెడు జానెడు పొడవున రెండు ఇనుప ముక్కలు కూడా వచ్చాయి. బండి వెనక భాగం బెత్తెడు కిందికి కుంగింది.

"గివేంటియి?" అన్నాడు గుర్వయ్య.

సైదులు స్క్రూడ్రైవర్ తీసుకుని బండి కింద పడుకున్నాడు. బయటికి వచ్చినప్పుడు ఆయన జుట్టు నిండా ఎర్రటి తుప్పు పొట్టు ఉంది.

"చాసీ, కాక."

బండి ఒళ్లంతా ఏ రెండు ఇనుప దూలాల మీద నిలబడుతుందో, దాన్నే చాసీ అంటారు. ఆ దూలాల వెనక కొసలే బంపర్‌తో ఊడివచ్చాయి. సైదులు ఆయన్ని కూర్చోబెట్టి, స్క్రూడ్రైవర్ మొనను నల్లటి పూత మీద ఆనించి నొక్కాడు. పెద్ద బలమేమీ పెట్టలేదు, అయినా అది పిడి దాకా దిగబడింది. ఇంకో చోట నొక్కాడు, అక్కడా దిగింది. పైన డాంబరు మాత్రం ఎక్కడా చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది.

"గొర్రెల ఉచ్చ అంత ఎనుకకే కారుతది. ఉచ్చల ఉప్పుంటది. అది ఇనుమును తింటది. అదొక్కటైతే పైకి కనవడుతుండె, ఎప్పుడో ఒకప్పుడు ఎవలో ఒకలు చూద్దురు," అన్నాడు సైదులు. "గీ డాంబర్ ఎవలు పూసిండ్రు?"

"నేనే. ఏటేట పూస్త."

"ఎప్పుడు పూస్తవ్?"

"వానలు మొదలయ్యేటప్పుడు. గొర్రెలకు గిట్టలు నానుతయ్ గద, పుండ్లయితయ్. గప్పుడు అన్నిటికి పూస్తం. మందకు పూసినంక మిగిలింది దీనికి పూస్త. ఇది గూడ బురదల నడిచేదే గద అని."

"తడి మీదనే పూస్తవా?"

"గిట్ట తడిసినప్పుడే గద పూసేది."

సైదులు తల దించుకున్నాడు. తిట్టాలనిపించి ఆగినట్టున్నాడు. "గొర్రెది చర్మం, కాక. కింద పుండు దానంతట అదే మానుతది. ఇనుము మానదు. లోపటి తడికి బయటికి పోను తొవ్వ లేకుండ నువ్వే మూసినవ్. ఎనిమిదేండ్లు లోపట్నే కూసోని తిన్నది."

గుర్వయ్య తన అరచేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో పోయినేటి డాంబరు ఇంకా ఉందేమో అనిపించింది. ఎండిన వేపకొమ్మకు గోనెపట్ట చుట్టి, బండి కింద వెల్లకిలా పడుకుని, ఎక్కడా చిన్న సందు వదలకుండా ఎంత ఓపికగా పూసేవాడో గుర్తొచ్చింది. సోమమ్మ నవ్వేది. నా కాళ్ల పగుళ్లకు ఎన్నడన్న గింత శ్రద్ధగ పూసినవా అనేది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆయన వందసార్లు విన్నాడు, వందసార్లూ వేరేవాళ్ల గురించే అనుకున్నాడు.

"మల్ల బిగించు," అన్నాడు ఉన్నట్టుండి.

"ఏంది?"

"బంపర్ మల్ల బిగించు. ఫిట్‌నెస్ వద్దు ఏమొద్దు. పట్టుకుంటె పట్టుకోనీ. నేను పోయి పిల్లల్ని ఏస్కొని వస్త. ఆ తర్వాత బండిని స్టేషన్లనే పెట్టుకోమను."

"దేనికి బిగియ్యాలె, కాక?"

"వెల్డింగ్ పట్టు."

"వెల్డింగ్ పట్టనీకె ఇనుము ఉండాలె గద. గీ రెండు దూలాలకు బంపరే ఊత. ఇన్నొద్దులు బండి బంపర్‌ను మోసిందనుకుంటున్నవ్. బంపరే బండిని మోసింది. బరువు మోసే కమాన్ కట్టలు ఏలాడేది గీడనే. నలభై మూడు పిల్లలను కాదు, నిన్ను ఒక్కణ్ని ఎక్కిచ్చుకొని కల్వకుర్తి పోదు. ఒళ్లంత ఇప్పి చాసీ మార్చాలె. పదిహేను దినాలు."

పన్నెండు దాటింది, ఫిట్‌నెస్ సమయం అయిపోయింది. గుర్వయ్యకు ఆ సంగతి గుర్తు కూడా రాలేదు.

ముందు మల్లికార్జున్‌కు ఫోన్ చేశాడు, మందను మళ్లించమని చెప్పడానికి. స్విచాఫ్. మల్లికార్జున్ తెలివైనవాడు. మంద తొవ్వలో చార్జింగ్ దొరకదని నడిచేటప్పుడు ఫోన్ ఆపేసి, రాత్రి మంద దిగాక ఒక్కసారి తెరుస్తాడు. ఆ తెలివి నేర్పింది గుర్వయ్యే. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ అదే ఆడగొంతు అదే మాట చెప్పింది.

తర్వాత బండ్ల కోసం వెతకడం మొదలైంది. బక్రీద్‌కు ఇంక వారమే ఉంది. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో నాలుగు చక్రాలున్న ప్రతి పికప్పూ పొట్టేళ్లనెక్కించుకుని హైదరాబాదు దారి పట్టింది. దేవరకొండ యాదగిరి ఎల్లుండి వస్తానన్నాడు. కల్వకుర్తిలో ఒకాయన బండి ఉంది కానీ డ్రైవర్ లేడన్నాడు. ఇంకొకాయన పొట్టేళ్ల అరుపుల మధ్య ఏమన్నాడో వినబడలేదు. ట్రాలీ ఆటోవాళ్లు అంత దూరం మేము రామన్నారు. ట్రాక్టర్లన్నీ దుక్కుల్లో ఉన్నాయి. సైదులు చేతిలో పని పక్కన పెట్టి, తనకు తెలిసిన నంబర్లన్నిటికీ ఫోన్ చేశాడు. నాలుగింటి దాకా ఇదే పని. మధ్యలో సోమమ్మ రెండుసార్లు చేసింది. గుర్వయ్య మోగుతున్న ఫోన్‌ను చూస్తూ కూర్చున్నాడు, ఎత్తలేదు. ఒక్క బండి దొరికాక ఎత్తుదామనుకున్నాడు.

"నువ్వన్న పో, కాక," అన్నాడు సైదులు చివరికి. "అయిదింటికి దేవరకొండ బస్సున్నది. ఆడ చిన్నమ్మ ఒక్కతే ఉన్నది గద."

సైదులు స్కూటర్ మీదే బస్టాండుకు వచ్చారు. దారిలో మందుల దుకాణం దగ్గర ఆపి పిల్లల పాలసీసా ఒకటి కొన్నారు. ఉన్నది ఒకటే. దుకాణమాయన దానికి రబ్బరు తొడుగులు రెండిచ్చాడు. పక్క కొట్లో ఆరు పాల ప్యాకెట్లు దొరికాయి. బర్రెపాలు నాలుగు రోజుల గొర్రెపిల్ల కడుపులో ఇముడుతాయో లేదో ఎవరికైనా చెప్పగలిగిన మనిషి గుర్వయ్యే. ఇమడవని ఆయనకు తెలుసు. అయినా సంచిలో పెట్టుకున్నాడు, వట్టి చేతులతో పోలేక. బస్సు ఎంత తొందరగా పోయినా అక్కడికి చేరేసరికి రాత్రి పది. మంద అప్పటికి ఎనిమిది మైళ్ల అవతల ఉంటుంది. మల్లికార్జున్ ఫోన్ తెరిచి, కబురు విని, చీకట్లో గుట్టలు దాటి తల్లుల్ని వెనక్కి తోలుకొచ్చేసరికి తెల్లారుతుంది. దున్నిన చేలల్లోంచి తోలనిస్తారో లేదో కూడా తెలియదు. ఈ లెక్కంతా గుర్వయ్య తలలో ఒకటికి పదిసార్లు వేసుకున్నాడు. ఎట్లా వేసినా అన్ని పిల్లలు మిగలడం లేదు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాడు.

ముందు వినబడింది సోమమ్మ గొంతు కాదు. పిల్లల అరుపులు. గొర్రెపిల్ల భయానికి అరిస్తే ఒక తీరుంటుంది, ఆకలికి అరిస్తే ఒక తీరుంటుంది. ఇది రెండోది.

"బండి నడుపుతున్నవని ఎత్తుతలేవేమో అనుకున్న," అంది సోమమ్మ. "దేవరకొండ దాటినవా?"

గుర్వయ్య పాల సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"జెల్ది రా. చేనంత దున్నిండు. దొడ్డి తీసి గట్టు మీదికి తెచ్చిన. గీ నొప్పి మోకాలుతోని ఒక్కొక్కదాన్ని ఎత్తుకొచ్చేసరికి నా పని అయింది. ఇటు మబ్బు పట్టింది. మొన్న పుట్టిన జంట పిల్లలను నా కొంగుల ఏస్కున్న. ఇవి ఒకటే మొత్తుకుంటున్నయ్. ఒచ్చె ఒచ్చె, మీ తాత బండి తీస్కొని వస్తుండు అని చెప్తున్న. ఎంత దూరమున్నవ్?"

"జడ్చర్లనే ఉన్న."



"జడ్చర్లనా?"

గుర్వయ్య చెప్పాడు. చాసీ అంటే ఏమిటో, అది ఎట్లా పోయిందో, ఎవరి చేతుల్లో పోయిందో అన్నీ చెప్పాడు. బండ్లు దొరకని సంగతి, మల్లికార్జున్ ఫోన్ సంగతి, సంచిలోని సీసా సంగతి కూడా చెప్పాడు. సోమమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన మాట్లాడుతుంటే ఆమె ఇంతసేపు ఊరుకోవడం ఇదే మొదటిసారి. తిడుతుందేమోనని చూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నేను రెండుమాట్ల అడిగిన గద," అంది చివరికి.

"అడిగినవ్."

"అయిందన్నవ్."

"అన్న."

పిల్లలెటో కదిలినట్టున్నాయి, "అరెరె, ఆగుండ్రి" అనుకుంటూ సోమమ్మ ఫోన్‌ను కింద ఎక్కడో పెట్టి లేచింది. కట్ చెయ్యడం మరిచిపోయింది. దేవరకొండ బస్సు వచ్చి ఆగింది. సైదులు సంచి అందించి, ఎక్కమని భుజం తట్టాడు. గుర్వయ్య ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఫోన్‌లో నలభై మూడు గొంతులు అరుస్తూనే ఉన్నాయి, వాటి మధ్య ఎక్కడో దూరంగా సోమమ్మ గొంతు వాటికి ఏదో చెబుతూనే ఉంది. కండక్టర్ వచ్చి టికెట్ అడిగాడు. ముందు ఆ ఫోన్ కట్ చెయ్యి పెద్దాయనా అన్నాడు. గుర్వయ్య దాన్ని చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకున్నాడు. కట్ చెయ్యడానికి ఆయనకు చెయ్యి రాలేదు.